కమాను కింద మూడు డ్రమ్ములు

నేను సుతారిని, గోడలు కట్టే మేస్త్రీని. ఈ మాట ముందే చెప్పుకోవడం నాకు అలవాటైపోయింది. బహ్రెయిన్‌లో నేను గడిపిన మొదటి రెండేళ్ళూ దాన్ని ఎవరూ నమ్మలేదు మరి. నా కార్డు మీద లేబర్ అని ఉండేది. ఆ ఖాళీలే ఉన్నాయని ఏజెంటు అంటే నేనూ సరేనన్నాను. రిఫాలో విల్లాలు కట్టే సైటులో సిమెంటు బస్తాలు మోశాను, బ్లాకులు అందించాను. నా కళ్ళ ముందే ఇంకొకడు గోడ వంకరగా లేపుతుంటే నోరు మూసుకుని తట్టలు నింపాను. నాకు కోపం ఎక్కువ. ఒకసారి ఉండబట్టలేక, "తూకపు గుండు పట్టి చూడు, నీ గోడ పక్కింటికి పోతున్నది" అన్నందుకు వారం రోజులు ఎండలో ఇనుము వంచే పనికి వేశారు.

మా బాపు పాతకాలపు సుతారి. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళలో సిమెంటు రాకముందు దంగు సున్నంతో గోడలు లేపిన మనిషి. గానుగలో సున్నం, ఇసుక పోసి, ఎద్దుతో రాతి చక్రం తిప్పించి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి, రోజుల తరబడి నానబెట్టేవాడు. నేను పదో తరగతి తప్పాక ఆయన వెంట రెండు పాత దొరల గడీల మరమ్మతు, ఒక దర్గా గుమ్మటం పని చేశాను. ఆయన నాకు చెప్పిన పాఠం ఒక్కటే. "సున్నాన్ని తొందరపెట్టకురా. నానుడెంతో గట్టిదనమంత." ఆ పాఠమే బహ్రెయిన్‌లో నన్ను నిలువునా ముంచింది.

మూడో ఏడు చలికాలంలో క్యాంపుకు ఒక కబురు వచ్చింది. పాత మసీదు ఒకటి బాగు చేయాలట, సిమెంటు ముట్టకూడదట, పాత పద్ధతి తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కావాలట. ఫోర్‌మన్ చదివి ముగించేలోపే నేను చెయ్యెత్తాను. ఆయన నా కార్డు చూసి పెదవి విరిచాడు. అప్పుడు మా వ్యాను డ్రైవర్ అడ్డుపడ్డాడు. ఆయనది నిజామాబాదు, ముస్లిం. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక దుకాణం పైగదిలో ఉండేవాడు. నాకంటే పదేళ్ళు ముందొచ్చి అరబ్బీ ధారాళంగా మాట్లాడేవాడు. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. "ఈ పిలగాడు గుమ్మటాలు కట్టిండు సాబ్, నాది గ్యారంటీ" అన్నాడు. నేను కట్టింది ఒకే ఒక్క గుమ్మటం, అదీ బాపు చాటున. ఆ సంగతి భాయ్‌కీ తెలుసు.

"నెల రోజులు చూస్తాం. పనికిరాకపోతే మళ్ళీ రిఫాకే, బస్తాల దగ్గరికే" అన్నాడు ఫోర్‌మన్.

నాకు ఆ నెల రోజులే కావాలి. రెండేళ్ళుగా తాపీ పట్టని చెయ్యి మొద్దుబారిపోతోందని లోపల ఒక భయం. ఇంకో రెండేళ్ళు ఇలాగే గడిస్తే ఊరికి తిరిగి వెళ్ళేటప్పటికి నేను నిజంగానే లేబర్‌ని అయిపోతాననిపించేది.

రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు ఆ మసీదులో ముందు కనిపించేవి రెండు మీనార్లు. మనామాలో అప్పటికే లేస్తున్న అద్దాల మేడల పక్కన అవి పొట్టివే. కింద చదరం, పైన గుండ్రం, లోపల మెలి తిరుగుతూ పోయే ఇరుకు మెట్లు. దూరం నుంచి చూస్తే కవలలు. దగ్గరికి వెళ్ళి ఒకదాని చుట్టూ, తరవాత రెండోదాని చుట్టూ తిరిగాను. ఒకదాని రాళ్ళ కూర్పు వేరు, ఇంకోదాని వరసలు వేరు. "ఇవి రెండూ ఒక్క చేతి పని కాదు భాయ్" అన్నాను. మాకు తర్జుమాకని అక్కడే ఉంచిన భాయ్ ఆ మాట ఇంజనీరమ్మకు చెప్పాడు. ఆమె బహ్రెయినీ అమ్మాయే, తలగుడ్డ మీద హెల్మెట్ పెట్టుకుని, చంకలో నక్షాలు పెట్టుకుని తిరిగేది. ఆమె నన్ను ఎగాదిగా చూసి, నిజమే, మొదటి మీనారు లేచాక చాలా తరాలకు గాని రెండోది రాలేదు అంది. రెండోది కట్టినవాడు మొదటిదాన్ని చూసి అచ్చు అలాగే కట్టాలనుకున్నాడు గాని చెయ్యి మాత్రం వాడిదే కదా.

ఆమెకు ఆ మసీదంటే ప్రాణం. నేల మీద సుద్దముక్కతో గీసి చెప్పేది. అసలు మొదట ఎవరు కట్టారన్నది ఎవరికీ కచ్చితంగా తెలియదట, చాలా పాతదని కొందరు, అంత పాతది కాదని కొందరు. మొదట్లో ఖర్జూరపు దూలాల కప్పు, దాని కింద చెక్క స్తంభాలు. కొన్ని తరాలకు ఆ చెక్క పోయి రాతి స్తంభాలు, వాటి మీద కమానులు. మళ్ళీ కొన్నాళ్ళకు మందపాటి గోడలు. ఒక మసీదు కడుపులో ఇంకో మసీదు. ఇప్పుడు కప్పే లేదు. ఆకాశం కింద కమానుల వరసలు, మధ్యలో పిచ్చుకలు.

ఇక రాయి సంగతి. మా కరీంనగర్ నల్లరాయి తెలిసినవాడికి అది రాయే కాదు. సముద్రం అడుగు నుంచి పలకలుగా తీసిన గుల్లరాయి. విరిచి చూస్తే లోపల గవ్వలు, పురుగు తొలిచినట్టు బెజ్జాలు. అలాంటి దానితో కమాను నిలబెట్టి వందల ఏళ్ళు మోయించినవాడు మామూలోడు కాదు. మొదటి రోజు ఆ కమానుల కింద నిలబడి పైకి చూసినప్పుడు నాకు బాపు గుర్తొచ్చాడు. ఆయన ఉండి ఉంటే ఇక్కడే చాప వేసుకుని పడుకునేవాడు.

హిందువును కదా, లోపలికి రానిస్తారో లేదోనని నాకు అనుమానం. "ఇది నమాజు జరిగే మసీదు కాదు తమ్మీ, పాత కట్టడం. మక్కా దిక్కు గోడల గూడున్నది, ఆ మిహ్రాబు కాడికి పోయేటప్పుడు మాత్రం చెప్పులిడువు, నా కోసమన్నా" అన్నాడు భాయ్. పని అయిపోయేదాకా అలాగే విడిచాను.

ఒక కమాను నడిమికి చీలి ఉంది. దానికింద దుంగలు ఆనించి నిలబెట్టారు. దాన్ని రాయి రాయిగా విప్పి, మళ్ళీ అతికించి నిలపాలి. మా పనంతా ఆ కమానే. అతికించే గారను వాళ్ళు జిస్ అంటారు. దాన్ని తయారు చేసేది బుసైతీన్ నుంచి వచ్చే ఒక ముసలాయన. అందరూ ఆయన్ని హాజీ అనేవాళ్ళు. డెబ్బై దాటిన మనిషి, ఒక కన్ను కొంచెం మసక. భూమిలోంచి తవ్విన తెల్లరాయిని ఖర్జూరపు మట్టలతో కాల్చి, రోకలితో దంచి, జల్లించి బస్తాల్లో నింపి తెచ్చేవాడు. ఈ పని చేతనైనవాళ్ళు దీవిలో ఇంకెవరూ మిగల్లేదని ఇంజనీరమ్మ చెప్పింది. ఆయన మాతో మాట్లాడేవాడు కాదు. నేనూ, నాతో వచ్చిన మరో ఇద్దరూ పాత గార గీకుతుంటే పక్కన పీట వేసుకుని జపమాల తిప్పుతూ మా చేతుల వైపే చూస్తూ కూర్చునేవాడు. రోజంతా ఒకడు మన చేతుల్ని చూస్తూ కూర్చుంటే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. నాకు ఒళ్ళు మండిపోయేది.

పని మొదలైన పది రోజులకు ఒక గురువారం హాజీ పదకొండు బస్తాలు దింపించి, శనివారం నుంచి కమాను పని మొదలు అని చెప్పి మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. మరునాడు శుక్రవారం, సెలవు. నేను ఒక బస్తా విప్పి చూశాను. తెల్లటి మెత్తటి పొడి. సున్నం అనుకున్నాను. అనుకోవడం ఏమిటి, నా మనసులో అది సున్నమే. సున్నాన్ని శనివారం తడిపి శనివారమే వాడతారా ఎక్కడన్నా? ఈ ముసలాయనకు వయసు మీద పడి మరిచిపోయి ఉంటాడు, నేనే చూసుకోవాలి అనుకున్నాను. నన్ను నేను సుతారి అని నిరూపించుకోవడానికి ఇంతకంటే మంచి అదను దొరకదనీ అనుకున్నాను.

ఇండియా దుకాణంలో కొన్న బెల్లం నా సంచిలో ఉంది, టీలోకని తెచ్చుకున్నది. మూడు నీలం డ్రమ్ములు కమాను కిందికి దొర్లించి, బస్తాలన్నీ వాటిలో కుమ్మరించాను. బెల్లం నీళ్ళు కలిపి పోశాను. కరక్కాయ దొరకలేదని బాధ కూడా పడ్డాను. అసలు సున్నమైతే నీళ్ళు తగలగానే బుసబుసా పొంగాలి. ఇది పొంగలేదు. సుతారి అన్నవాడు అక్కడే ఆగాలి. నేను ఆగలేదు. ముందే చల్లార్చిన సున్నం కాబోలు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. డ్రమ్ము మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగిలింది, దాన్ని చూసి మురిసిపోయాను. ఇంతలో వ్యాను హారన్ కొట్టింది. గోనెపట్టలు కప్పి వచ్చేశాను. శుక్రవారమంతా క్యాంపులో హుషారుగా ఉన్నాను. చేపల కూర కూడా నేనే వండాను.

శనివారం పొద్దున గోనెపట్ట తీసి తాపీ గుచ్చితే టంగుమంది. మూడు డ్రమ్ముల్లోనూ నిండా రాయి. పైన చీమలు బారులు తీరి ఉన్నాయి, బెల్లానికి.

చుట్టూ ఎవరూ నవ్వలేదు. భాయ్ ఒక్కడే మెల్లగా దగ్గరికి వచ్చి, "ఏం జేసినవ్ తమ్మీ?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కాదు, భయం వినిపించింది. నా కోసం గ్యారంటీ ఇచ్చిన మనిషి ఆయనే మరి. జిస్ అసలు సున్నమే కాదట, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ జాతిదట. జిస్‌ను చిన్న గిన్నెలో గుప్పెడు గుప్పెడు కలిపి, కలిపిన వెంటనే వాడేయాలట. టీ చల్లారేలోపు అది బిగుసుకుపోతుంది. ఆ సంగతి ఆ దేశంలో పిల్లలకు కూడా తెలుసట.

హాజీ వచ్చాడు. డ్రమ్ములు చూశాడు. చీమల్ని చూశాడు. వేలితో గీకి నాలుక మీద వేసుకున్నాడు. పీట కూడా వేసుకోకుండా వెనక్కి తిరిగి బండి ఎక్కి వెళ్ళిపోయాడు. అది ఆయన ఒక్కడూ నెల రోజులు కాల్చి దంచిన సరుకని ఆ తరవాతే తెలిసింది నాకు. ఫోర్‌మన్ నా పేరు సోమవారం రిఫా బస్సు జాబితాలో రాసుకున్నాడు. ఇంజనీరమ్మ మాత్రం ఒక్క మాట అంది. "హాజీ మళ్ళీ రాకపోతే ఆ కమాను దుంగల మీదే ఉండిపోతుంది."

ఆ మాట నాకు బస్సు కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఇన్ని తరాలు నిలబడ్డ కమాను, నా తెలివితేటల వల్ల కర్రల మీద కుంటుతూ ఉండిపోవడమా? ఆ రోజు అన్నం ముట్టలేదు. మరునాడు సాయంత్రం భాయ్‌ని బతిమాలాను. "బుసైతీన్ దాకా తోల్కపో. కాళ్ళు మొక్కుతా, కోప్పడితే పడుతా."

"కాళ్ళు మొక్కితే ఇంకా కోప్పడ్తడు. ఊకె కూసో, నేను మాట్లాడ్త" అన్నాడు భాయ్.

వంతెన దాటి బుసైతీన్ వెళ్ళాం. పాతకాలపు ఇల్లు, వాకిట్లో ఒక పెద్ద రోలు, గోడవారన తెల్లరాళ్ళ కుప్ప. హాజీ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమన్నాడు. చిన్న చిన్న కప్పుల్లో కాఫీ పోశాడు, ఖర్జూరాలు పెట్టాడు. తరవాత భాయ్ వైపు తిరిగి ఏదో అడిగాడు.

"నీళ్ళెందుకు పోసినవని అడుగుతుండు. బెల్లమెందుకేసినవని గూడ" అన్నాడు భాయ్.

నేను చెప్పడం మొదలుపెట్టాను. మొదట భాయ్ తర్జుమా చేస్తూ పోయాడు. కాసేపటికి నేను లేచి వాకిట్లోకి దిగాను. కర్రపుల్లతో నేల మీద గానుగ గీశాను. రాతి చక్రం గీశాను. ఎద్దు ఎలా తిరుగుతుందో నేనే చుట్టూ తిరిగి చూపించాను. ఎద్దును అదిలించే బాపు కేక కూడా వేశాను. పక్కింటి గోడ మీంచి ఎవరో తొంగి చూశారు. హాజీ కాఫీ కప్పు కింద పెట్టాడు. ఎద్దు ఎన్ని చుట్లు తిరగాలి, ఎన్ని రోజులు నానాలి, బెల్లం వేస్తే ఏమవుతుంది అని ఒకటి తరవాత ఒకటి అడిగాడు. చెప్పడంలో పడి నేనెందుకు వచ్చానో మరిచిపోయాను. అంతా విని ఆయన ఒక్కసారిగా నవ్వాడు. ముందు రెండు పళ్ళు లేవు ఆయనకు. అరబ్బీలో ఏదో అన్నాడు. భాయ్ కూడా నవ్వుతూ చెప్పాడు. "నీది సున్నం పిచ్చి, నాది జిస్ పిచ్చి అంటుండు. డ్రమ్ములు పారేసిండ్రా అని అడుగుతుండు."

పారేయలేదు. అలాగే ఉన్నాయి.

"పగలగొట్టి ఉంచుమంటుండు. అది సచ్చిపోలేదట. మళ్ళ కాలిస్తే మళ్ళ జిస్సే అయితదట."

ఆ మాట వినగానే నా ఒళ్ళు తేలికైంది. బాపు సున్నం ఒకసారి బిగిస్తే మళ్ళీ దంచి, కాల్చి, నానబెట్టి ఏళ్ళకు గాని లొంగదు. ఇది మాత్రం రాయై కూడా నాలుగు మట్టల మంటకు మెత్తబడుతుందట. సోమవారం పొద్దున హాజీ ఫోర్‌మన్‌తో తానే మాట్లాడాడు. జాబితాలో నా పేరు కొట్టేశారు గాని ఊరికే కాదు. కమాను నిలబడేదాకా మాత్రమే, ఇంకో తప్పు జరిగితే ఆ రోజే బస్సు. ఎందుకు ఒప్పుకున్నారని నేను ఎవరినీ అడగలేదు.

డ్రమ్ములు కోసి, సమ్మెటతో ఆ రాతిని నేనే పగలగొట్టాను. రెండు రోజులు పట్టింది. అప్పుడే హాజీ నన్ను చీలిన కమాను దగ్గరికి పిలిచాడు. మేము గీకిన పాత గార ముక్క ఒకటి నా చేతిలో పెట్టి వెలుతురులో చూడమన్నాడు. లోపల నల్లటి చుక్కలు. బొగ్గు రవ్వలు. మట్టల మంటలో కాలిన గుర్తు. ఇంకొంచెం కిందికి వేలు పెట్టి చూపించాడు. అక్కడ గారలో గారే ముక్కలుగా ఇరుక్కుని ఉంది. అంతకంటే పాత గార, సరిగా నలగని ముక్కలు. ఇంజనీరమ్మ దగ్గరికి వచ్చి చూసి, గబగబా పుస్తకంలో రాసుకుంది. పాత గోడ పడగొట్టినప్పుడల్లా ఆ గారనే మళ్ళీ కాల్చి కొత్త గోడలో వాడేవాళ్ళని, ఆయన తాత చేసిందీ అదేననీ హాజీ చెప్పాడు. ఆమె సుద్దతో గీసి చూపించిన మసీదులో మసీదు నాకు అప్పుడు తెలిసింది. చెక్క స్తంభాలనాటి గార కమానుల్లో ఉందేమో, కమానులనాటిది మందపు గోడల్లో ఉందేమో. ఎన్నిసార్లు కాలిందో ఎవరికి తెలుసు.

మేము గీకి పోగుపెట్టిన పాత గార, నా డ్రమ్ముల ముక్కలు కలిపి మసీదు వెనక ఖాళీ స్థలంలో కాల్చాం. మట్టలు పేర్చింది నేను, మంట చూసుకున్నది హాజీ. కాసేపటికి గాలిలో పాకం మాడిన వాసన లేచింది. భాయ్ ముక్కు ఎగబీల్చి, "ఎవళ్ళ పెండ్లిరా ఇది, అరిసెలు కాలుస్తుండ్రు?" అన్నాడు. అందరం నవ్వాం. హాజీకి చెబితే ఆయనా నవ్వాడు.

దంచితే ఆ పొడి తెల్లగా రాలేదు, కొంచెం మట్టిరంగు తిరిగింది. ఇదీ పాడైందనుకున్నాను. ఇంజనీరమ్మ ఒక మూల చిన్న ముక్క అతికించి వారం రోజులు ఆగమంది. ఆ వారం నేను రోజూ వెళ్ళి దాన్ని గోటితో గీరేవాణ్ణి. బిగిసింది. అంతకంటే వింత, పాత గోడ రంగులో కలిసిపోయింది. కొత్త జిస్ అయితే తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపించేదని ఆమె సంతోషపడింది. అయినా మోసే చోట హాజీ కొత్తగా కాల్చిందే వాడమని, పై పూతకు మాత్రమే మాది వాడమని తేల్చింది. నాకు అదే ఎక్కువ.

కమాను పని మూడు వారాలు సాగింది. హాజీ చెక్క గిన్నెలో నీళ్ళు పోసి, పొడి చల్లి, రెండు వేళ్ళతో తిప్పి నా వైపు తోసేవాడు. వెంటనే జపమాల మొదలుపెట్టేవాడు. అది ఒక చుట్టు పూర్తయ్యేలోపు గిన్నె ఖాళీ కావాలి. మొదట్లో సగం గిన్నె బిగిసిపోయేది. "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కసురుకునేవాడు. సున్నంతో నిదానంగా పనిచేసిన చేతులకు ఆ వేగం పట్టుబడడానికి చాలా రోజులు పట్టింది. ఆయన చూపు మాత్రం నా చేతుల మీంచి కదిలేది కాదు. తాపీ కొంచెం వంగినా గొంతు సవరించుకునేవాడు. నాకిప్పుడు ఒళ్ళు మండేది కాదు గాని, ఈయన ఇంకా నన్ను నమ్మలేదని మాత్రం తెలిసేది. ఫోర్‌మన్ నమ్మినా, ఇంజనీరమ్మ నమ్మినా నా లెక్కకు రావు. రాయి తెలిసిన మనిషి ఒక్కడు ఒప్పుకోవాలి.

చివరి రోజు నడిమి రాయి ఒక్కటే మిగిలింది. అది కూర్చుంటే కింది దుంగలు తీసేయొచ్చు. మధ్యాహ్నం ఎండ వాలింది. హాజీ గిన్నె తీసుకున్నాడు. కలుపుతాడనుకున్నాను. కలపలేదు. గిన్నె, పొడి సంచి నా ముందు పెట్టాడు. జపమాల జేబులో వేసుకున్నాడు. పీట ఎత్తుకుని గోడ నీడకు వెళ్ళి, చేతిగుడ్డ తలకింద పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు నిమిషాల్లో గురక వినిపించింది.

నేను గిన్నె దగ్గరికి లాక్కున్నాను. తరవాత నీళ్ళు పోశాను, పొడి చల్లాను, రెండు వేళ్ళతో తిప్పాను. లెక్కపెట్టడానికి ఎవరూ లేరు. నా లోపలే లెక్క నడిచింది. రాయి కూర్చోబెట్టి, సందులు నింపి, పై పూత లాగేసరికి గిన్నెలో గోరంత కూడా మిగల్లేదు. అంతా అయ్యాక నిచ్చెన దిగాను. నాకు ఏడుపు వచ్చింది. సిగ్గుపడలేదు, దాచుకోనూ లేదు.

భాయ్ హాజీని లేపబోతే నేనే వద్దన్నాను. ఆయన తనంతట తానే లేచాడు. లేచి కమాను కిందికి వచ్చి, మునివేళ్ళతో పూత తడిమి, ఆ వేలు నాలుక మీద వేసుకున్నాడు, డ్రమ్ములు చూసిన ఆ శనివారం చేసినట్టే. కాసేపు చప్పరించి భాయ్‌తో ఏదో అన్నాడు.

"ఈసారి చీమలు రావంటుండు తమ్మీ" అన్నాడు భాయ్.

ఆ తరవాత హాజీ దుంగలు తీసేయమని చెయ్యి ఊపాడు. మేము ఒక్కొక్కటే లాగేశాం. కమాను కదల్లేదు. ఆయన దాని కిందే పీట వేసుకుని కూర్చుని, నన్ను టీ తెమ్మన్నాడు. అందులో బెల్లం వేయమన్నాడు.